నవంబరులో తొక్కే సైకిల్ కొనండి

ప్రశ్న: అన్నయ్య గారూ, మాది విజయవాడ. పోయిన సెప్టెంబరులో ఉద్యోగం మీద బ్రిస్టల్ వచ్చాం. ఇల్లు ఎమర్సన్స్ గ్రీన్‌లో, ఆఫీసు టెంపుల్ మీడ్స్ స్టేషన్ దగ్గర. వారానికి మూడు రోజులు వెళ్లాలి. బస్సులో ఒక్కోసారి గంట పైనే పడుతోంది. మా ఆఫీసులో సైకిల్ టు వర్క్ పథకం ఉంది, 3,000 పౌండ్ల దాకా తీసుకోవచ్చట. మా టీమ్ లీడ్ 2,900 పెట్టి కార్బన్ రోడ్ బైక్ తీసుకున్నాడు. 'నాకు 42 శాతం మిగిలింది, నువ్వూ తీసేసుకో' అంటున్నాడు. మా ఆయనేమో మామూలు హైబ్రిడ్ (తిన్నటి హ్యాండిల్‌తో నిటారుగా కూర్చుని తొక్కేది) చాలు, మిగతా డబ్బుతో ఇండియా టికెట్లు వస్తాయంటారు. నా జీతం 44,000. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. ఇంటర్ తరవాత సైకిల్ ఎక్కలేదు. కానీ రోడ్ బైక్ మీద మనసు పడింది. ఆదివారాలు బాత్ దాకా వెళ్లాలని కూడా ఉంది. తీసుకోవచ్చా? ఎలాంటిది తీసుకోమంటారు? 'ఆఫీసులో బైక్ ఇస్తున్నారు' అని ఫోన్‌లో చెబితే మా అమ్మకు టెన్షన్ పట్టుకుంది.
— బ్రిస్టల్ నుంచి ఒక సోదరి

సమాధానం: తీసుకోండి చెల్లెమ్మా. రోడ్ బైకే తీసుకోండి. కాకపోతే మీ టీమ్ లీడ్ తీసుకున్నది మాత్రం వద్దు.

ముందు అమ్మగారి టెన్షన్ తీర్చండి. మన దగ్గర బైక్ అంటే మోటార్ సైకిలే. కూతురు పరాయి దేశంలో పల్సర్ ఎక్కి ఆఫీసుకు పోతుందని ఆవిడ అనుకుని ఉంటారు. 'సైకిలమ్మా, తొక్కే సైకిల్' అని చెప్పండి. అప్పుడు 'ఇంత చదువు చదివి సైకిల్ మీదా!' అని ఇంకో బాధ మొదలవుతుంది, అది వేరే ఉత్తరం.

ఇక అసలు సంగతి. విజయవాడలో పెరిగారు కాబట్టి అద్దె సైకిల్ షాపులు చూసే ఉంటారు, లేదంటే ఇంట్లో పెద్దవాళ్లు చెప్పగా వినుంటారు. వెనక మడ్‌గార్డు మీద పెయింటుతో రాసిన నంబరు, గల్లాపెట్టె పక్కన నోట్‌బుక్కులో మనం బయల్దేరిన టైము, గంట దాటితే ఇంకో గంట డబ్బులు. ఈ దేశం పథకం కూడా చట్టం ప్రకారం అచ్చంగా అదే. 1999 నాటి ఫైనాన్స్ యాక్ట్‌తో వచ్చింది. మీ కంపెనీ సైకిల్ కొని మీకు అద్దెకిస్తుంది. ఆ అద్దెను మీ జీతంలోంచి, పన్ను వేయకముందే, నెలనెలా కోసుకుంటుంది. మామూలుగా 12 నెలలు. అద్దె అంతా కట్టేసినా సైకిల్ మీదైపోదు. ఈ ఒక్క ముక్క మీ టీమ్ లీడ్ చెప్పి ఉండడు, బహుశా ఆయనకూ ఇంకా తెలిసి ఉండదు, ఏడాది తిరిగాక కదా ఆ కాగితం వచ్చేది.

లెక్కలు నచ్చనివాళ్లు ఇక్కణ్నుంచి నాలుగు పేరాలు దాటేయొచ్చు. మీరు మాత్రం దాటొద్దు.

42 శాతం అన్నది అబద్ధం కాదు, కానీ మీ లెక్క కాదు. ఏడాదికి 50,270 పౌండ్లు దాటిన జీతం మీద ఆదాయపు పన్ను 40 శాతం, నేషనల్ ఇన్సూరెన్స్ (పన్నులాగే జీతంలోంచి ప్రభుత్వం కోసుకునే వాటా) 2 శాతం. ఆయన అద్దె అంతా ఆ పై భాగంలోంచి పోతుంది కాబట్టి ఆయనకు 42 మిగిలింది. మీ 44,000 ఆ గీతకు కిందే ఉంది. మీకు పన్ను 20, ఇన్సూరెన్స్ 8, మొత్తం 28 శాతం. అదే 2,900 సైకిల్‌కు ఆయన చేతిలోంచి పోయేది 1,682 అయితే మీ చేతిలోంచి పోయేది 2,088. ఒకే షాపు, ఒకే సైకిల్, నాలుగు వందల పౌండ్ల తేడా.

ఇప్పుడు నేను మీకు చెప్పబోయే సైకిల్ ధర వేసుకుందాం. సైకిల్ 1,350, తాళం, లైట్లు, మడ్‌గార్డులు, హెల్మెట్ వగైరాలు 250, మొత్తం 1,600. నెలకు 133 పౌండ్లు జీతంలోంచి తగ్గుతాయి కానీ, పన్ను పోను మీ చేతికొచ్చే డబ్బులో తగ్గేది 96. ఏడాదికి 1,152. అంటే 448 మిగిలినట్టు. అక్కడితో ఆపేస్తే ఎంత బాగుండేదో! ఏడాది చివర సైకిల్ మీ పేరున కావాలంటే దానికి 'మార్కెట్ విలువ' కట్టాలి. ఆ విలువ ఎంతన్నది పన్నుల శాఖే పట్టిక వేసి పెట్టింది. 500 పౌండ్లు దాటిన సైకిల్‌కు ఏడాది వయసులో 25 శాతం, రెండేళ్లకు 17, మూడేళ్లకు 12, నాలుగేళ్లకు 7. ఏడాదికే కొనేస్తానంటే 1,600లో 25 శాతం, అంటే 400 పౌండ్లు. 448లోంచి 400 పోతే 48. కుటుంబంతో ఒకసారి బయట దోసెలు తిని వస్తే సరిపోయింది.

అందుకే చాలా పథకాల్లో ఇంకో దారి పెట్టారు. 12 నెలల తరవాత వెంటనే కొనకుండా, 7 శాతం డిపాజిట్ కట్టి ఇంకో 36 నెలలు అలాగే అద్దె మీద ఉంచుకోవడం. ఆ మూడేళ్లకు నెలవారీ అద్దె ఏమీ ఉండదు. నాలుగేళ్లు నిండేసరికి పట్టిక ప్రకారం విలువ ఆ 7 శాతమే కాబట్టి డిపాజిట్‌తోనే లెక్క చెల్లు. మీకు అది 112 పౌండ్లు. మొత్తం ఖర్చు 1,264, మిగిలింది 336. అంటే నికరంగా 21 శాతం. మీ పథకంలో ఈ దారి ఉందా, డిపాజిట్ ఎంత అని హెచ్‌ఆర్‌ను సంతకం పెట్టకముందే అడగండి. అందరి నిబంధనలూ ఒకేలా ఉండవు.

ఈ 21 శాతం పక్కన ఇంకో అంకె పెట్టుకోండి. సీజన్ అయిపోయాక ఇక్కడి షాపులు పాత మోడళ్ల మీద తగ్గింపులు పెడతాయి. 1,350 సైకిల్ 25 శాతం తగ్గితే చేతిలో డబ్బుతో 1,012కే వస్తుంది. అదే సైకిల్ పూర్తి ధరకు పథకంలో తీసుకుంటే, 7 శాతం కలుపుకొని, సుమారు 1,066. పథకం నడిపే సంస్థలు షాపుల దగ్గర కమీషన్ తీసుకుంటాయి. కాబట్టి 'తగ్గింపు ధరకు పథకం వోచరు (డబ్బుకు బదులు షాపులో ఇచ్చే చీటీ) చెల్లదు' అనో, 'కొంచెం పైన కట్టండి' అనో అనే షాపులు ఉన్నాయి. ఒప్పుకునే షాపు దొరికితే రెండూ కలిసొస్తాయి, దొరకలేదంటే పథకం వల్ల నిజంగా మిగిలేది వడ్డీ లేని వాయిదాలే. అది చిన్న సుఖం కాదు, కానీ దాన్ని 42 శాతం అనుకుని 2,900 ఖర్చు పెట్టడం తప్పు. హద్దు 3,000 ఉంది కదా అని మూడు వేలూ వాడుకోనక్కర్లేదు. క్రెడిట్ కార్డు లిమిట్ ఉందని ఎవరమైనా మొత్తం గీకేస్తామా?

ఇంకొకటి, ఇది మీ టీమ్ లీడ్‌కు తట్టే విషయమే కాదు. ఈ పథకంలో చేరితే కాగితం మీద మీ జీతమే తగ్గుతుంది. పోయిన సెప్టెంబరులో వచ్చానన్నారు, స్కిల్డ్ వర్కర్ వీసా అయ్యుంటే 2025 జూలై 22 నుంచి దానికి సాధారణ కనీస జీతం 41,700. మీ ఉద్యోగం కోడ్‌కు ఉన్న రేటు అంతకన్నా ఎక్కువైతే అదే మీ గీత. 44,000లోంచి 2,900 తీసేస్తే 41,100. చూశారా ఎక్కడికొచ్చిందో! 1,600 తీసేస్తే 42,400, కాస్త ఊపిరాడుతుంది. ఇలా తగ్గిన జీతాన్ని మీ విషయంలో ఎలా లెక్కిస్తారో, స్పాన్సర్‌షిప్ చూసేవాళ్ల చేత ఈ-మెయిల్లో రాయించుకోండి. లంచ్ టైంలో నోటిమాటగా 'ఏం కాదులే' అంటే సరిపోదు. పెన్షన్‌కు కంపెనీ వేసే వాటా తగ్గిన జీతం మీదా, అసలు జీతం మీదా అన్నది కూడా అదే ఈ-మెయిల్లో అడిగేయండి.

ఉద్యోగం మారే ఆలోచన ఉంటే కూడా ముందే చూసుకోవాలి. నా సంగతి చెబుతాను. 2013లో నేను మొదటిసారి ఈ పథకంలో సైకిల్ తీసుకున్నాను. అప్పట్లో దాదాపు అన్ని చోట్లా 1,000 పౌండ్లే హద్దు. మూడు వేలు, నాలుగు వేలు అన్నవి 2019లో ప్రభుత్వం మార్గదర్శకాలు మార్చాక వచ్చినవి. నేనూ సరిగ్గా వెయ్యికి, పైసా మిగలకుండా తీసుకున్నాను. అయిదో నెలలో వేరే ఉద్యోగం వచ్చింది. మిగిలిన ఏడు నెలల వాయిదాలు, 583 పౌండ్లు, ఆఖరి జీతంలోంచి ఒక్కసారే కోసేశారు. అదీ పన్ను కట్టాక మిగిలిన డబ్బులోంచి, అంటే ఆ ఏడు నెలల ఆదా పోయినట్టే. పే స్లిప్ చూసి పొరపాటేమో అని ఫోన్ చేస్తే, నేను సంతకం పెట్టిన కాగితమే నాకు చదివి వినిపించారు.

ఆ సైకిల్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీరు కొనాల్సింది ఏదో నాకు నేర్పింది అదే. రేసు తరహా ఫ్రేము, బొటనవేలంత సన్నటి 23 మి.మీ. టైర్లు, తెల్ల హ్యాండిల్ టేపు. జూన్‌లో దాని మీద పోతుంటే గాల్లో తేలినట్టుండేది. మడ్‌గార్డులు బిగించడానికి ఫ్రేముకు రంధ్రాల్లేవు, అసలు టైరుకూ ఫ్రేముకూ మధ్య వేలు పట్టే సందు లేదు. నవంబరులో ఒక పొద్దున చినుకుల్లో ఆఫీసుకు చేరి, కోటు తీయకుండా నేరుగా మీటింగ్‌కు పోయాను. తెల్ల బోర్డు మీద రాయడానికి అటు తిరిగేసరికి వెనక అంతా నిశ్శబ్దం. నడుము దగ్గర్నుంచి మెడ దాకా, వెన్నెముక వెంబడే, చెయ్యంత వెడల్పున బురద చార. వెనక చక్రం చిమ్మిన రోడ్డు అంతా నా వీపు మీదే ఉంది. ఆ చలికాలం ఆ సైకిల్ గ్యారేజీలో, నేను బస్సులో.

కాబట్టి నా సలహా అంతా ఒక్కటే. షాపులో నిలబడ్డప్పుడు జూన్ నెల ఆదివారాన్ని కాదు, నవంబరు మంగళవారాన్ని తలుచుకోండి. అది దాటిన సైకిల్ జూన్‌లో ఎలాగూ బాగానే ఉంటుంది.

మీ దారి చూద్దాం. నిజం చెప్పాలంటే నాకు అసూయగా ఉంది. మీ ఇంటి దగ్గర్నుంచి కొంచెం పోతే మాంగట్స్‌ఫీల్డ్ పాత స్టేషన్, అక్కడ బ్రిస్టల్ – బాత్ రైల్వే పాత్ తగులుతుంది. ఒకప్పటి మిడ్‌లాండ్ రైల్వే లైను. రైళ్లు ఆగిపోయి పట్టాలు ఎత్తేశాక, 1979 నుంచి 1986 లోపు దాన్ని సైకిల్ దారిగా మార్చారు. సస్ట్రాన్స్ అనే సంస్థ ఈ బ్రిస్టల్‌లోనే పుట్టి మొట్టమొదట చేసిన పెద్ద పని ఇదే. మొత్తం 13 మైళ్లు, తారు దారి, కార్లు లేవు. రైలు నిట్టనిలువు ఎక్కలేదు కాబట్టి దారి కూడా ఎక్కడా నిట్టనిలువు ఉండదు. మీరు పొద్దున పోయేటప్పుడు స్టేపుల్ హిల్ సొరంగం దాటాక ఊళ్లోకి మెల్లగా పల్లం, సాయంత్రం వచ్చేటప్పుడు మెల్లగా ఎగువ. ఇక్కడ గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. అంటే పల్లంలో పోయేటప్పుడు ఎదురుగాలి, ఎగువ తొక్కేటప్పుడు వీపు మీద గాలి. ఇంతకన్నా న్యాయమైన దారి దొరకడం కష్టం.

ఒక వైపు సుమారు పది కి.మీ. కొత్తలో ముప్పావుగంట, నెల తిరిగితే అరగంట పైచిలుకు. మూడు రోజులకు వారానికి అరవై కి.మీ. మీ ఆదివారం బాత్ ప్రయాణం రానుపోను ఆ అరవైకి బాగా తక్కువే ఉంటుంది. ఇదెందుకు చెబుతున్నానంటే, పథకం నిబంధన ప్రకారం సైకిల్ వాడకంలో సగానికి పైన ఆఫీసు ప్రయాణమే ఉండాలి. మీ లెక్కలో అది ఢోకా లేకుండా ఉంది. ఎవరూ రోజూ పుస్తకం రాయమనరు గానీ, 'ఇంట్లోంచే పని, సైకిల్ మాత్రం ఆదివారాలకు' అంటే అది పథకం కాదు.

ఈ దారికి హైబ్రిడ్ కూడా సరిపోతుంది, మీ ఆయన మాట తీసిపారేసేది కాదు. అయినా రోడ్ బైక్ అని ఎందుకంటున్నానంటే, మీకు మనసు ఉంది. మనసు పడ్డ సైకిల్‌ను మనిషి చలిలో కూడా బయటికి తీస్తాడు, 'చాల్లే' అని కొన్నది మూల పడుతుంది. పైగా వంపు హ్యాండిల్ మీద చేతులు మూడు చోట్ల పెట్టుకోవచ్చు, ఎదురుగాలిలో కాస్త వంగొచ్చు. బాత్ దాకా పోయినప్పుడు ఆ తేడా మణికట్లకు తెలుస్తుంది.

రోడ్ బైకుల్లో రెండు జాతులున్నాయి. ఒకటి రేసు జాతి: హ్యాండిల్ కిందికి, దూరంగా, మనిషి పాములా వంగాలి. రెండోది ఎండ్యూరెన్స్ జాతి: హ్యాండిల్ కాస్త పైకి, దగ్గరగా ఉంటుంది, లావు టైర్లు పడతాయి. మీది రెండోది. ఫ్రేము అల్యూమినియం చాలు. అదే ధరలో కార్బన్ వెతికితే మిగతా భాగాల్లో తగ్గించి ఇస్తారు, పైగా వానలో తాళం వేసి వదిలేసే బండికి కార్బన్ ఎందుకు? ట్రెక్ డొమానే ఏఎల్, స్పెషలైజ్డ్ అలే, జెయింట్ కంటెండ్ ఏఆర్, దానికే ఆడవాళ్ల కోసం చేసిన లివ్ అవైల్ ఏఆర్ — వీటిని ఎక్కి చూడండి. పేరు మీద పట్టింపు లేదు. మడ్‌గార్డు రంధ్రాలు ముందూ వెనకా ఉండాలి, మడ్‌గార్డు బిగించాక కూడా 32 మి.మీ. టైరు తిరగాలి, డిస్క్ బ్రేకులు ఉండాలి. ఈ మూడింట్లో ఒక్కటి లేకపోయినా షాపతను ఎంత తగ్గించినా వద్దనండి. శరత్కాలంలో ఆ రైల్వే పాత్ మీద రాలిన ఆకులు తడిసి అరటి తొక్కల్లా ఉంటాయి. సన్న టైరు అక్కడ పనికిరాదు.

గేర్ల గురించి షాపులో పావుగంట చెబుతారు. షిమానో అనే గేర్ల కంపెనీ వరసల్లో క్లారిస్ అంటే వెనక 8 గేర్లు, సోరా 9, టియాగ్రా 10, ఇప్పటి 105 అంటే 12. ఈ కింది వరసల స్థానంలో క్యూస్ అని కొత్తది వస్తోంది. మీ దారికి ఎనిమిదైనా చాలు. ఇక్కడ మిగిల్చిన డబ్బు బ్రేకుల మీద పెట్టండి. మామూలు తీగ డిస్కుల కన్నా హైడ్రాలిక్ డిస్కులు వేలి నొక్కుడుకే పట్టేస్తాయి. చిన్న చేతులున్నవాళ్లకు, వేళ్లు కొంకర్లు పోయే చలిలో, అది విలాసం కాదు. బడ్జెట్‌లో రాకపోతే బ్రేకు లీవరును హ్యాండిల్‌కు దగ్గరగా జరిపించుకోండి, చాలా లీవర్లకు దానికి స్క్రూ ఉంటుంది. ముందు పెడళ్ల దగ్గరి చిన్న పళ్ల చక్రానికి 34 పళ్లు, వెనక పెద్దదానికి కనీసం 32 ఉంటే, ఎప్పుడైనా బాత్ ఊళ్లోంచి లాన్స్‌డౌన్ కొండ ఎక్కాలనిపించినా మోకాళ్లు తిట్టవు.

సైజు దగ్గర తొందర పడొద్దు. అయిదడుగుల రెండంగుళాలంటే ఏ కంపెనీలో అయినా అన్నిటికన్నా చిన్న ఒకటి రెండు సైజులే మీవి. షాపుల్లో అవి ఎక్కువగా ఉండవు. 'ఇది ఒక సైజు పెద్దది, సీటు కిందికి దింపుతాం, సరిపోతుంది' అంటారు. సీటు దిగుతుంది గానీ హ్యాండిల్ దగ్గరికి రాదు. బయటికి తీసుకెళ్లి పది నిమిషాలు తొక్కండి. సీటు ఎత్తుకు కొండగుర్తు: పెడలు అడుగున ఉన్నప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా చాపుకోవాలి. బ్రేకు హుడ్స్ (బ్రేకు లీవర్ల పైన ఉండే రబ్బరు పిడులు) మీద చేతులు పెట్టినప్పుడు మోచేయి కాస్త వంగి ఉండాలి, భుజాలు చెవుల దగ్గరికి పోకూడదు. ఇంకో పరీక్ష ఎవరూ చెప్పరు. చిన్న ఫ్రేముల్లో ముందు చక్రం కాలి దగ్గరికి వచ్చేస్తుంది. మెల్లగా పోతూ హ్యాండిల్ బాగా తిప్పితే బూటు ముందు టైరుకు తగలొచ్చు, మడ్‌గార్డు బిగించాక ఇంకాస్త ఎక్కువ. రోడ్డు మీద స్పీడులో పోయేటప్పుడు హ్యాండిల్ అంత తిప్పం కాబట్టి సమస్య రాదు, కానీ ఇరవై ఏళ్ల తరవాత సైకిల్ ఎక్కినవాళ్లు సందు మలుపులో ఠపీమని పడేది ఇక్కడే. షాపు వెనక వీధిలోనే తిప్పి చూడండి. పెడళ్లు మామూలు చదునువే అడగండి. బూటు ఇరికించేవి వచ్చే ఏడాది చూద్దాం. సీటు మొదటి వారం నొప్పి పెడుతుంది, అందరికీ అంతే. మూడో వారం కూడా పెడితే వెడల్పు సరిపోలేదని అర్థం, కూర్చునే ఎముకల దూరం కొలిచి ఇచ్చే షాపులున్నాయి.

చైన్ కవర్ ఉండదు. చున్నీ, వదులు ప్యాంటు ఆఫీసు సంచిలోకి.

ఆ 250 పౌండ్ల సామాను గురించి. పథకంలో సైకిల్‌తో పాటు భద్రతకు సంబంధించినవి కూడా తీసుకోవచ్చు, కానీ అన్నీ ఒకేసారి వోచర్లో రాయించాలి. తాళం మంచిది తీసుకోండి. సోల్డ్ సెక్యూర్ (తాళాలను పరీక్షించే సంస్థ) గోల్డ్ రేటింగ్ ఉన్న డి-లాక్, అంటే డి ఆకారపు ఇనుప తాళం. అసలు సైకిల్ ఎంచుకునే ముందే ఆఫీసులో ఎక్కడ పెట్టాలో కనుక్కోండి. తలుపు తాళం ఉన్న గది అయితే ఒక మాట, రోడ్డు పక్క ఇనుప కడ్డీ అయితే ఇంకో మాట. పోయిందంటే అద్దె ఆగదు, పోయిన సైకిల్‌కు నెలనెలా కడుతూనే ఉండాలి. ఇంటి ఇన్సూరెన్స్‌లో 'ఇంటి బయట సైకిల్' కలిసిందా, ఎంత విలువ దాకా అని అడిగి చేర్పించండి. ఫ్రేము నంబరు ఫొటో తీసి బైక్‌రిజిస్టర్ అనే సైకిళ్ల జాబితాలో నమోదు చేయండి.

లైట్లు ముందు తెలుపు, వెనక ఎరుపు, చీకట్లో చట్టప్రకారం తప్పనిసరి. డిసెంబరులో బ్రిస్టల్‌లో నాలుగింటికే పొద్దు గూకుతుంది, ఎనిమిది దాటితే గానీ తెల్లారదు. పోయేటప్పుడూ చీకటే, వచ్చేటప్పుడూ చీకటే. సొరంగం అర కిలోమీటరుకు కాస్త తక్కువ. లోపల దీపాలున్నాయి గానీ రాత్రంతా వెలగవు. హెల్మెట్ చట్టం అడగదు, నేను అడుగుతున్నాను. బెల్లు షాపువాళ్లే బిగించి ఇవ్వాలి, తీయించకండి. ఆ దారి నడిచేవాళ్లది కూడా. పొద్దున పూట పిల్లలు, కుక్కలు, పసిపిల్లల తోపుడు బళ్లు. రోడ్ బైక్ ఎక్కగానే అక్కడ రేసు పెట్టేవాళ్లను చూస్తారు, వాళ్లలో కలవకండి.

ఇంటర్ తరవాత ఎక్కలేదన్నారు. సైకిల్ తొక్కడం మరిచిపోరు గానీ, ట్రాఫిక్‌లో తొక్కడం వేరు. చాలా కౌన్సిళ్లు పెద్దవాళ్లకు సైకిల్ శిక్షణ ఉచితంగా ఇస్తాయి, మీ కౌన్సిల్ వెబ్‌సైటులో చూడండి. రైల్వే పాత్ దిగాక స్టేషన్ దాకా ఉన్న ఆ చివరి ముక్కను శిక్షణ ఇచ్చే మనిషితో కలిసి రెండుసార్లు తొక్కితే చాలు.

చేసే వరస ఇదీ: ముందు ఎవరి దగ్గరైనా ఒక సైకిల్ అరువు తెచ్చుకుని, ఆఫీసు ఉన్న రోజునే, ఆఫీసు టైముకే ఒకసారి పోయి రండి. తరవాత షాపు, సైజు, అన్ని సామాన్లతో కలిపి కొటేషన్. ఆ తరవాతే హెచ్‌ఆర్ ఈ-మెయిల్, దరఖాస్తు, సంతకం. వోచరు విలువ ఒకసారి వచ్చాక మార్చడం తలనొప్పి. అందుకే కొటేషన్ చేతిలో లేకుండా దరఖాస్తులో అంకె వేయొద్దు. మడ్‌గార్డులు మీరే బిగించుకుంటానని డబ్బాలో తెచ్చుకోకండి, షాపులోనే బిగించి, చక్రం తిప్పి, రాపిడి శబ్దం లేదని చూపించమనండి. కొత్త సైకిల్‌కు మొదటి నెలన్నరలో తీగలు సాగి గేర్లు టక్కుటక్కు మంటాయి, పాడైందని కంగారు పడకండి. చాలా షాపులు ఆరు వారాలకు ఒక సర్వీసు ఉచితంగా చేస్తాయి. ఆ తేదీ బిల్లు మీదే రాయించుకోండి.